ఓబులేసు ఎత్తుకున్న పాప

2021లో నేను నంద్యాలలో ఒక మానసిక వైద్యుని క్లినిక్‌లో నర్సుగా ఉన్నాను. ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి ఓబులేసు అనే రైతును అతని భార్య లక్ష్మీదేవి తీసుకొచ్చింది. అతని చేతులు మోచేతుల దాకా పగిలి నెత్తురు కారుతున్నాయి.

పత్తికి మందు కొట్టడం మానేసి ఏళ్లయినా, ఆ విషం ఇంకా తన చేతులను అంటుకునే ఉందని అతని భయం. తను తాకితే ఐదేళ్ల కూతురు చచ్చిపోతుందని రోజంతా చేతులు కడిగేవాడు. పాప పుట్టినప్పటి నుంచీ ఒక్కసారీ ఎత్తుకోలేదు. ఈ జబ్బును ఓసీడీ అంటారు. భయానికి అర్థం లేదని తెలిసినా, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయకుండా ఉండలేరు.

"ఏం కాదని నాకు తెల్సు మేడం," అన్నాడు ఓబులేసు. "తెల్సినా చెయ్యి ఇనదు."

మందులన్నీ వాడి చూశాం. ఎక్స్‌పోజర్ థెరపీ కూడా నేనే దగ్గర కూర్చుని చేయించాను. భయపెట్టే పని చేసి, చేతులు కడగకుండా ఓర్చుకునే సాధన అది. పాప తాగే గ్లాసు ముట్టుకోగానే చెమటలు పట్టి లేచిపోయేవాడు.

చివరికి మా డాక్టరు రేడియోసర్జరీ కోసం పెద్ద నగరంలోని ఆసుపత్రికి రాశారు. అందులో కత్తి ఉండదు. మెదడులో భయాన్ని తిప్పితిప్పి నడిపించే దారి మీద ఒక చిన్న చోట గామా కిరణాలను కేంద్రీకరిస్తారు. దేనికీ లొంగని కొద్దిమందికే ఈ వైద్యం. రోగి ఒప్పుకోవాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య బోర్డు అనుమతి కూడా కావాలి.

లక్ష్మీదేవి నన్ను వరండాలోకి పిలిచింది. "మెదడులో కాలుస్తారంట గదా. మనిషి మారిపోతే ఎట్లా మేడం?"

"అట్లా జరగడం అరుదంటున్నారమ్మా. గుణం కనిపిస్తుందని కూడా గట్టిగా చెప్పలేరు," అన్నాను.

ఓబులేసు వెనకే వచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడుండే మనిషి నీకేం పనికొస్తాండాడు లక్ష్మీ?"

"కండ్ల ముందర ఉండావు. నాకు అది చాలు."

"నాకు చాలదు," అన్నాడు మెల్లగా.

అనుమతి వచ్చాక నగరానికి వెళ్లాడు. చికిత్సలో తల కదలకుండా మరలతో బిగించిన ఫ్రేమ్ గుర్తులు నుదుటి మీద ఉండగానే తిరిగొచ్చాడు. చేతులు కడగడం మాత్రం ఆగలేదు. గుణం తెలియడానికి నెలలు పడుతుందని అక్కడి డాక్టర్లు చెప్పి పంపారు. నెలలు గడుస్తున్నా మార్పు లేదు. లక్ష్మీదేవి ఫోన్ చేసి ఏడ్చేది. మందులూ సాధనా ఆపొద్దని చెప్పేదాన్ని, నాకే నమ్మకం సడలుతున్నా.

మరుసటి ఎండాకాలం సాధనలో గ్లాసు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. "భయం వస్తాంది మేడం. ముందర మాదిరి మీద పడల్యా," అన్నాడు. అక్కడి నుంచి సాధన కొద్దికొద్దిగా పట్టుబడింది.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం, భుజాన నిద్రపోతున్న పాపతో క్లినిక్‌లోకి వచ్చాడు. అతని చూపు మాటిమాటికీ మూలనున్న కుళాయి మీదికి పోతోంది.

"కూర్చో ఓబులేసూ. పాపను బెంచీ మీద పడుకోబెట్టు."

"వద్దు మేడం. దించితే లేస్తాది."

డాక్టరు పిలిచేదాకా అలాగే నిలబడ్డాడు. పక్కన లక్ష్మీదేవి పాప చెప్పులు పట్టుకుని నిల్చుంది.

ఓబులేసు ఇప్పటికీ మందులు వాడుతున్నాడు. కొన్నిరోజులు భయం మళ్లీ పైకి లేస్తుంది. భయం పూర్తిగా పోతేనే జబ్బు నయమైనట్టని అంతవరకూ అనుకునేదాన్ని. భయం ఉండగానే బిడ్డను దించకుండా నిలబడడం కూడా నయమవడమేనని అతన్ని చూశాకే తెలిసింది.