కొవ్వు రాల్ఫ్ చూడని ఓడలు

రాల్ఫ్ ట్వెడెల్ పని దిగి ఇంటికి వస్తున్నాడంటే వాల్స్‌ఎండ్‌లో ముందుగా తెలిసేది కుక్కలకు. పొద్దంతా గొడ్డుకొవ్వులో మునిగి తేలిన మనిషి మరి! ఓడలు కట్టే యార్డు గేటు నుంచి ఇంటి గుమ్మం దాకా నాలుగైదు కుక్కలు ఊరేగింపుగా వెంట వచ్చేవి. ఆదివారం చర్చిలో అతనికి ఒక పక్కన భార్య హన్నా కూర్చునేది, రెండో పక్క బెంచీ చివరి దాకా ఖాళీ. "నా ముక్కు చచ్చి ముప్పై ఏళ్లయింది, నాకేం బాధ?" అనేది హన్నా.

టైన్ నది ఒడ్డున కట్టిన ఓడ నీళ్లలోకి దిగాలంటే దాని కింద దుంగలతో వేసిన జారుబాట నున్నగా ఉండాలి. కొవ్వు కరిగించి, చేపనూనె కలిపి, దాని మీద మందంగా పూస్తారు. పల్చనైతే రాపిడికి దుంగలకు నిప్పంటుకుంటుంది. గడ్డకడితే ఓడ కదలదు. చలికి ఎంత నూనె, ఎండకు ఎంత నూనె అన్నది ఏ పుస్తకంలోనూ లేదు, రాల్ఫ్ బొటనవేలి గోటిలో ఉంది. నొక్కి చూసి అతను "ఊహూఁ" అన్నాడంటే ఎంతటి ఇంజినీరైనా గడియారం జేబులో పెట్టుకుని ఆగాల్సిందే.

తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడు. ఆ రోజుల్లో దేశాల సంగతి అలాగే ఉండేది. జర్మన్లు ఒక యుద్ధనౌక మొదలుపెట్టారని పేపర్లో పడితే, ఇంగ్లీషువాళ్లం మనం రెండు కట్టాలని బీరు దుకాణంలో బల్లలు గుద్దేవారు. ఏ నౌక మీద ఎన్ని అంగుళాల ఫిరంగులున్నాయో మీసం రానివాళ్లు కూడా గడగడా అప్పజెప్పేవారు. రాల్ఫ్ అడిగేది మాత్రం ఒక్కటే, "బరువెంత?" అని. ఏటేటా బరువు పెరిగింది, దానితో పాటే కొవ్వూ పెరిగింది, వంగి వంగి అతని మోకాళ్లు అరిగిపోయాయి.

"ఆ జర్మన్ల రాజు కైజరుకు ఒక్కసారి నా మోకాళ్లు చూపించండ్రా. సిగ్గుతో చచ్చి మానేస్తాడు," అనేవాడు.

ఇంత చేసినవాడు ఓడ నీళ్లలోకి దిగడం ఒక్కసారీ చూడలేదు. దొరసాని ఓడ ముక్కుకు ద్రాక్షసారా సీసా కొట్టి పగలగొట్టి పేరు పెట్టే వేళకు అతను ఓడ కిందే ఉండేవాడు. ఆఖరి ఊతకర్రలు తీసే మనుషులతో పాటు గుంటలో బోర్లా పడుకుని, తల మీద చేతులు పెట్టుకుని. పైన వేల టన్నులు ఉరుముతూ పోయేవి. లేచి చూస్తే పొగ, ఖాళీ ఆకాశం. హన్నా మాత్రం ప్రతిసారీ అవతలి ఒడ్డున హెబ్బర్న్ రేవులో, రొట్టెల మూట పట్టుకుని ఒంటరిగా నిలబడేది. ముప్పై ఏళ్లలో నలభై ఓడలు.

1911 మార్చిలో దిగబోయే నౌక అతనికి ఆఖరిది. హన్నా ముందే ఖరాఖండిగా చెప్పేసింది.

"ఈ ఒక్కసారైనా నా పక్కన నిలబడి చూడు. రాకపోయావో, మళ్లీ నీతో మాట్లాడితే ఒట్టు."

"అది శిక్షా, వరమా?"

"వేళాకోళం చాలు గానీ, మాటివ్వు."

ఇచ్చాడు. తన పని, గుంటలో తన చోటు తన దగ్గరే పని నేర్చుకున్న జోబ్ మిల్బర్న్‌కు అప్పగించాడు. జోబ్‌కు నలభై దాటాయి, పనిమంతుడే, కానీ రాల్ఫ్ లెక్కలో వాడింకా పాకుతున్నాడు.

తీరా ఆ రోజు తెల్లారేసరికి ఊరంతా మంచు గడ్డకట్టింది. రాల్ఫ్ పెరటి గోడ మీద ఉంచిన కొవ్వు ముద్దను నొక్కి చూశాడు. గోరు దిగలేదు. జోబ్ నూనె ఎక్కువ కలిపి ఉంటే సరే. కలపకపోతే ఇంత జనం ముందు ఓడ రాయిలా కూర్చుంటుంది. ఇప్పుడు పరిగెత్తితే దుంగల సందుల్లో వేడి నూనె పోయించవచ్చు. పరిగెత్తితే ఇచ్చిన మాట పోతుంది.

అతను కాలరు గుండీని మూడోసారి కూడా తప్పు కాజాలో పెట్టడం హన్నా చూసింది.

"పోతే పో. నేనేం అనను."

"నువ్వేం అననన్నప్పుడే నాకు భయం," అన్నాడు రాల్ఫ్. టోపీ పెట్టుకుని ఆమెతో పాటు పడవెక్కాడు.

హెబ్బర్న్ రేవులో ఇసకేస్తే రాలనంత జనం. "ఏం రాల్ఫూ, కోటు అద్దెకు తెచ్చావా?" అని ఎవరో అరిచారు. అతనికి వినపడలేదు. ముళ్ల మీద నిలబడ్డట్టుంది. అవతల బ్యాండు ఆగింది. సీసా పగిలింది. ఓడ కదలలేదు.

ఒకటి, రెండు, మూడు. జనం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"కదల్లేదురోయ్! బెర్లిన్‌లో పడీ పడీ నవ్వుతారు!" అన్నాడు వెనకెవడో.

"నూనె పోశానని చెప్పరా జోబూ, నీకు పుణ్యముంటుంది," అని రాల్ఫ్ గొణిగాడు.

అప్పుడు ఏదో మూలిగింది. అంతలోనే పెద్ద హోరుతో ఓడ నీళ్లలోకి జారింది. టోపీలు గాలిలోకి ఎగిరాయి, రేవులోని ఓడలన్నీ ఈలలు వేశాయి, అల వచ్చి ముందువరస వాళ్లందరి బూట్లూ తడిపేసింది.

"చూశావా?" అంది హన్నా.

"చూశాను! దుంగల మీద పొగ తెల్లగా వచ్చిందే, ఎక్కడా నల్లబడలేదు. నూనె సరిగ్గా కలిపాడు వెధవ, నాకు ఒక్క ముక్క చెప్పకుండా!" రాల్ఫ్ కళ్లు తుడుచుకున్నాడు.

"నేనడిగింది ఓడ సంగతి."

రాల్ఫ్ గబుక్కున నది వైపు తిరిగాడు. ఓడల్ని లాగే టగ్గు పడవలు అప్పటికే దాన్ని మలుపు దాకా లాక్కుపోయాయి. అతను తెల్లమొహం వేసి తిట్లకు సిద్ధపడ్డాడు. హన్నా మాత్రం రేవు కమ్మీలు పట్టుకుని కడుపుబ్బ నవ్వింది.

"తిట్టవేం?"

"ఏ మొహం పెట్టుకుని తిట్టమంటావు? ఇన్నేళ్లూ నేను మాత్రం చూశానా ఏం? సీసా పగిలిందంటే నా కళ్లు ఆ గుంట మీదే. అది నీ మీద నుంచి పోయాక నువ్వు లేస్తావా, లేవవా అని. ఇక్కడికి చీమంత కనపడేవాడివి. లేచి బట్టలు దులుపుకున్నాకే నాకు ఊపిరాడేది. అప్పటికి ఓడ ఏ గంగలో ఉండేదో ఎవరికి తెలుసు?"

ఆమె వేడుక చూడటానికే వెళ్తోందని రాల్ఫ్ ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నాడు. ఆ మాట తలుచుకుంటే సిగ్గేసింది. పడవ దగ్గరికి వచ్చాక అడిగాడు.

"మరి ఇవాళ?"

"ఇవాళ నువ్వు నా పక్కనే ఉన్నావుగా. తీరిగ్గా చూశాను."

"ఎలా ఉందే?"

"బాబోయ్, ఓడలు మరీ అంత పెద్దవని నాకు తెలియదయ్యా!" అంది హన్నా. అతని చెయ్యి పట్టుకుని, ఓడ దిగిన వైనం మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.