అల్ ఐన్ నుంచి బురైమీకి: చేతిసంచితో సరిహద్దు దాటిన రోజు

నా విజిట్ వీసా గురువారంతో అయిపోతోంది. ఉద్యోగం దొరకలేదు. ఒకసారి ఒమాన్‌లోకి దాటి, కొత్త వీసా పడ్డాక తిరిగి రావాలి. దీన్నే ఇక్కడ వీసా ఛేంజ్ అంటారు. బనియాస్‌లో నా గదిలోనే ఉండే మంగక్కకీ అదే అవసరం. అమలాపురం దగ్గరావిడ, ఆరేళ్ళుగా ఇళ్ళల్లో వంట చేస్తోంది. పాత కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, వీసా రద్దు చేశాడు. కొత్త ఇంటివాళ్ళు ఆదివారం నుంచి పనిలోకి రమ్మన్నారు. మా ఇద్దరికీ ఏజెంట్ ఒకడే. "లగేజీ వద్దు మేడం, చేతిసంచి చాలు. సాయంత్రానికి వచ్చేస్తారుగా" అన్నాడు. నమ్మాం.

ఉదయం ఆరుకి మినీబస్సు. గదికి తాళం వేస్తూ మంగక్క, "మినప్పప్పు నానేశానే. వచ్చాక రుబ్బుకుందాం" అంది. అల్ ఐన్‌కి గంటన్నర. దారిలో డ్రైవర్, పెషావర్ ఆయన, అందరి పాస్‌పోర్టులూ కట్టగా తీసుకోబోతే అక్క ఇవ్వలేదు. "అప్నా పాస్‌పోర్ట్ అప్నే హాత్ మే, భయ్యా."

"మై ఖా జావూంగా క్యా, అమ్మా?" అన్నాడాయన నవ్వుతూ, తినేస్తానా ఏంటన్నట్టు.

"తిన్నా అరగదులే నీకు" అంది అక్క తెలుగులోనే. వెనక సీట్లో నెల్లూరు వాళ్ళు పగలబడి నవ్వారు. ఆ రోజు మేం నవ్వింది అప్పుడే.

సరిహద్దు దగ్గర బస్సు దింపేస్తుంది. నేను వెళ్ళినప్పుడు ఎగ్జిట్ ఫీజు ముప్పైఐదు దిర్హాములు. కార్డు పనిచేయకపోతే ఇబ్బంది, కాస్త నగదు ఉంచుకోండి. కౌంటర్ల దగ్గర ఫోన్ బయటికి తీయకండి. స్టాంపు పడిన పేజీ అక్కడే నిలబడి చూసుకోండి. వరుసలో ఒకాయన "చెల్లీ, ఈ పొట్లం కాస్త పట్టుకో" అంటే నేను చెయ్యి చాచాను. అక్క నా చెయ్యి లాగేసింది. "ఎవరిదీ పట్టుకోకే. అందులో ఏముందో నీకేం తెల్సు?"

పదిన్నరకి ఒమాన్ వైపు ఊరు బురైమీ చేరాం. ఏజెంట్ చెప్పిన హోటల్ లాబీలో కరక్ చాయ్ తాగుతూ కూర్చున్నాం. అక్కడ మాలాంటివాళ్ళే ఇరవైమంది, అందరి చూపూ ఫోన్ల వంకే. కిటికీలోంచి కంచె, కంచెకు అటు అల్ ఐన్ మసీదు మినారు. మా ఫోన్లు ఇంకా అటువైపు సిగ్నల్నే పట్టుకుని ఉన్నాయి.

నాలుగింటికి నా వీసా వచ్చింది. అక్కది రాలేదు. బస్సు ఐదింటికి. మర్నాడు తొమ్మిదింటికి ముసఫ్ఫాలో నాకు ఇంటర్వ్యూ.

"నేనూ ఉండిపోతానక్కా."

"నువ్వుండి ఏం చేస్తావే? నా వీసాకి కాళ్ళొస్తాయా? ఎల్లు. పప్పు మాత్రం రుబ్బెయ్, పాడైపోద్ది."

వెళ్ళిపోయాను. బస్సు మలుపు తిరిగేదాకా ఆవిడ మెట్లమీదే నిలబడి ఉంది, చేతిసంచి రెండు చేతులతో పొట్టకి పట్టుకుని.

మూడోరోజు ఏజెంట్ ఫోన్: "రిజెక్ట్ అయింది మేడం. ఖలాస్." కారణం అడిగితే, "కారణం చెప్పరు." అక్క మస్కట్ వెళ్ళి విమానమెక్కింది, వచ్చిన రోజు కట్టుకున్న బట్టలతోనే. కొత్త ఇంటివాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. నా ఇంటర్వ్యూ వాళ్ళు ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు.

ఊరు చేరాక అక్క ఫోన్‌లో మొదట అడిగిన మాట, "పప్పు రుబ్బావా?"

"రుబ్బానక్కా. దోసెలు బాగా వచ్చాయి" అన్నాను. నిజానికి బురైమీ నుంచి వచ్చిన రాత్రి గిన్నె మూత తీయలేకపోయాను. రెండు రోజుల తర్వాత నురగకట్టి, కంపు కొడుతుంటే సింకులో పారబోశాను.

ఆవిడ పెట్టె నా మంచం కిందే ఉంది. ఆరేళ్ళ బతుకు, నేను ఒంటిచేత్తో లేపగలిగేంత బరువు. నా పాస్‌పోర్టులో ఇంకో అరవై రోజులు రాసిచ్చారు. వాటిని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

మీరు వెళ్తుంటే ఒక్క మాట. ఏజెంట్ ఏం చెప్పినా వారానికి సరిపడా బట్టలు, మందులు, ఛార్జరు తీసుకెళ్ళండి. గదిలో ఏదీ నానబెట్టి వెళ్ళకండి.