జొన్నచేలో నదుల పాఠం

పల్నాడు జిల్లా మొత్తమ్మీద ఆన్‌లైన్ పాఠంతో ఒక పిల్లను పదో తరగతి గట్టెక్కించిన మొట్టమొదటి సోషల్ మాస్టారిని నేనే. నా పాఠం మా ఊరి పొలాల్లో పొద్దునా సాయంత్రమూ గంటల తరబడి మోగేది. మండలం నుంచి తనిఖీకి వచ్చిన అధికారి నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి, గొంతు పూడుకుపోయి, కళ్ళు తుడుచుకున్నాడు.

చదివేవాళ్ళు పెద్దమనసుతో నమ్మేస్తారేమోనని భయం వేసి కాస్త తగ్గించుకుంటున్నాను. జిల్లా అన్నచోట మా మండలం అని చదువుకోండి. అదీ ఎక్కువనిపిస్తే మా బడి అనుకోండి. మా బళ్ళో కూడా సైన్సు టీచరమ్మ నాకంటే ముందే వీడియోలు పెట్టింది. కానీ ఆవిడ సోషల్ చెప్పదు కాబట్టి నా మాటకు వచ్చిన లోటేమీ లేదు. ఇక అధికారి గొంతు పూడుకుపోవడమంటారా, ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎక్కడ చూసినా మిరపకాయలు ఆరబోసి ఉండేవి. ఆ ఘాటుకు కొత్తవాళ్ళెవరైనా కళ్ళు తుడుచుకోవాల్సిందే.

నేను రిటైరవబోయే ఏడాది జరిగిన సంగతి ఇది. అప్పటికే నా ఫోన్లో మొహం చూపించి హాజరు వేసుకునే యాప్ ఒకటి, మధ్యాహ్నం భోజనంలో గుడ్లకు ఒకటి, మరుగుదొడ్లకు ఒకటి ఉన్నాయి. రోజూ పొద్దున్నే మరుగుదొడ్డికి నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసి పైకి పంపడం నా ఎమ్మే చరిత్రకు దక్కిన గౌరవం. చదువు చెప్పడానికి కూడా యాప్‌లు వచ్చాయని, వాటి మీద నరసరావుపేటలో శిక్షణ ఉందని కబురొస్తే, ఎవరో వేళాకోళం చేస్తున్నారనుకున్నాను.

శిక్షణ ఇచ్చినవాడు నా శిష్యుల పిల్లల వయసువాడు. తెర మీద బాణం గుర్తులు చూపించి, "సార్, ఇకనుంచి మీరు టీచర్ కాదు, ఫెసిలిటేటర్" అన్నాడు.

"జీతం అదేనా నాయనా?"

"అదే సార్."

"అయితే నాకేం అభ్యంతరం లేదు."

ఇంటికొచ్చి ఒక్కొక్క యాపూ తెరిచాను. ఒకటి నేను మనిషినని రుజువు చేసుకోమంది. ఫొటోల్లో ట్రాఫిక్ లైట్లు ఎక్కడున్నాయో ముట్టుకుని చూపించమంది. మాచవరం పక్కన పుట్టి పెరిగినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా అది? గేదెల్ని చూపించమంటే కళ్ళు మూసుకుని చూపించేవాణ్ణి. ఇంకొకటి క్లాసులో క్విజ్ పెట్టే యాప్. నేను ప్రశ్న వదలగానే సిగ్నల్ పోయింది. తిరిగొచ్చేసరికి క్లాసంతా ఒకే జవాబు పెట్టింది, అదీ తప్పు జవాబు. గోడకు బిగించిన పెద్ద తెర మీద చూపిద్దామంటే దాని రిమోటు హెడ్మాస్టరు గారి బీరువాలో ఉంటుంది. బీరువా తాళం ఆయన భార్య బ్యాగులో ఉంటుంది. ఆవిడ వేరే మండలంలో టీచరు.

చివరికి ఒకటి లొంగింది. పాఠం ఫోన్లో రికార్డు చేసి అందులో పెడితే, పిల్లలు ఇంటి దగ్గర చూసుకోవచ్చు. ఎవరు ఎంతసేపు చూశారో పేరుపేరునా గీతలు గీసి చూపిస్తుంది. ఇప్పుడు చూస్తున్నవాళ్ళ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. ఇది పట్టుకున్నాను. ఊరికే పట్టుకోలేదు, దానికి ఒక పిల్ల కారణం.

ఆ పిల్ల పది చదువుతోంది. నిదానంగా మాట్లాడుతుంది గానీ, మాట్లాడితే సూటిగా ఉంటుంది. వాళ్ళ నాన్న కొండవాలులో కౌలు చేను తీసుకుని జొన్న వేశాడు. కంకి పాలు పోసుకునే రోజులు వచ్చాయంటే చిలకలు దండుగా దిగుతాయి. పొద్దున ఎండెక్కేదాకా, మళ్ళీ సాయంత్రం, మంచె మీద నిలబడి వడిసెలతో రాళ్ళు విసురుతూ వాటిని తోలాలి. వాళ్ళ నాన్నకు మోటారు దగ్గరా కాలవ దగ్గరా పని. వాళ్ళ అమ్మ ఇతరుల చేలల్లో మిరపకోతలకు వెళుతుంది. అందుకని మంచె ఈ పిల్ల వంతుకు వచ్చింది. బడికి ఆలస్యంగా వచ్చేది, ఆఖరి పీరియడు ఎగ్గొట్టి పోయేది. ఆఖరి పీరియడు నాది. అర్ధసంవత్సరం పరీక్షలో అన్నీ గట్టెక్కి సోషల్ ఒక్కటీ తప్పింది.

నేను చేనుకు పోయి వాళ్ళ నాన్నతో మాట్లాడాను.

"ఏందయ్యా, పరీక్షల ముందు పిల్లను ఇట్టా నిలబెడితే ఎట్టా?"

"నేనేం జెయ్యను సారూ? మీరు చదువుకున్నోళ్ళు. ఆ చిలకలకి కూడా పరీక్షలయ్యేదాకా సెలవులిప్పియ్యండి, పంపిస్తా."

"తప్పిందనుకో, మళ్ళీ కట్టాలిగా?"

"మళ్ళీ కట్టేది లేదు సారూ. ఉన్నమాట చెబుతున్నా. సోషల్ తప్పిందా, వాళ్ళమ్మతో పాటు కోతలకు పోయిద్ది. అదీ మంచిదేగా, ఇద్దరి కూలీ వచ్చిద్ది."

పిల్ల మంచె మీదే ఉంది. అంతా విని, మా వైపు చూడకుండా చిలకల మీదికి రాయి విసిరింది. ఆ రాయి నా తల మీదుగా పోయింది. గురి తప్పిందో, తప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమే మా ఇంట్లో రికార్డింగు మొదలుపెట్టాను. ఫోను పట్టుకునే ఉద్యోగం మా ఆవిడకు ఇచ్చాను. నాకు నిమ్మళంగా మాట్లాడటం రాదు. నా గొంతు పక్క క్లాసువాళ్ళు కూడా నోట్సు రాసుకునేటంత పెద్దది. పైగా ఎదురుగా పిల్లలు లేకపోయినా, అలవాటు చొప్పున నాలుగు ముక్కలు చెప్పాక ఒకసారి బెత్తంతో బల్ల మీద కొట్టి, "ఒరేయ్ వెనక బెంచీ! నవ్వులేంది? లే, లేచి నిలబడు!" అని గద్దిస్తేగాని నాకు కృష్ణానది ముందుకు పారదు.

"ఫోనుకేమన్నా చెవుడా?" అంది మా ఆవిడ.

"వెనక బెంచీకి వినపడొద్దూ?"

"వెనక ఉన్నది మన ఫ్రిజ్జు."

మూడు రోజులు తంటాలు పడి నదుల పాఠం పెట్టాను. పిల్ల పేరు చేర్చి, వాళ్ళ నాన్న ఫోన్లోకి యాప్ ఎక్కించి, మంచె మీదే కూర్చుని వినమని చెప్పాను. మర్నాడు చూద్దును గదా, క్లాసు మొత్తానికీ పొట్టి పొట్టి గీతలు. వాటి మధ్య ఆ పిల్ల గీత తాటిచెట్టంత లేచి ఉంది! పొద్దున గంటలకొద్దీ, సాయంత్రం గంటలకొద్దీ వింటోంది. రోజురోజుకూ పెరుగుతోంది. ఒకే పాఠాన్ని అన్నిసార్లు వింటున్నదంటే నా బోధన ఎంత రుచిగా ఉందో అని మురిసిపోయాను. స్టాఫ్ రూములో ఫోను పట్టుకుని అందరికీ చూపించాను. మునుపు క్లాసులో మొహాలు చూసి ఎవరికి అర్థమైందో కనిపెట్టేవాణ్ణి. ఇప్పుడు పిల్లల్ని చదువుకోమని చెప్పి, తలొంచుకుని గీతలు చూసుకుంటున్నాను. ఫెసిలిటేటర్ అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

ఆ ఊపులోనే మండలం అధికారి వచ్చాడు. ఆఖరి పీరియడు. ఎలా తెప్పించారో గానీ ఆ రోజు రిమోటు కూడా వచ్చింది. గోడ మీది తెర వెలిగించి, ఆ తాటిచెట్టు గీతను బెత్తంతో చూపించాను.

"ఈ అమ్మాయి చేను కాపలా వల్ల ఈ పీరియడు బడికి రాలేదు సార్. అయినా చదువు ఆగలేదు. ఈ పచ్చచుక్క చూడండి. ఈ క్షణంలో, మనం మాట్లాడుకుంటుండగా, అక్కడ మంచె మీద నా పాఠం వింటోంది!"

క్లాసులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఇంకెవరో. రెండో బెంచీలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది.

"సార్, నేను ఈడే ఉన్నా."

అదే పిల్ల. ఆ వారం మొదటి నుంచీ నా పీరియడుకు వస్తోందట. నేను తెరలోంచి తలెత్తి చూస్తే కదా.

"మరి అక్కడ వింటున్నది ఎవరమ్మా?" అన్నాడు అధికారి.

"చిలకలు సార్."

"చిలకలా?"

"నాన్న ఫోనుకి పాటల డబ్బా కలిపి మంచెకు కట్టాడు సార్. టపాసులకు అవి అలవాటు పడిపోయినయ్. సారు అరుపు ఎప్పుడొచ్చిద్దో వాటికి తెలవదు. మామూలుగా చెబుతా చెబుతా ఉండి, ఉన్నట్టుండి 'ఒరేయ్ వెనక బెంచీ' అంటారు కద సార్. అప్పుడు మొత్తం లేచిపోతన్నయ్. అందుకని నన్ను బడికి పొమ్మన్నాడు."

అధికారి నా చెయ్యి పట్టుకున్నాడు. ఏదో అనబోయాడు. గొంతు పూడుకుపోయింది. కళ్ళు తుడుచుకున్నాడు. మిరపకాయల ఘాటని పైన రాశాను గానీ, అది నవ్వు.

ఆయన జీపు ఎక్కగానే హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. "ముందు ఆ పిల్ల పేరు యాప్‌లోంచి తీసెయ్యండి మాస్టారూ. పక్షులకు హాజరు వేశామని రేపు పేపర్లో వస్తుంది."

నాకూ కడుపు మండిపోతూనే ఉంది. పేరు మీద వేలు పెట్టాను. 'ఖచ్చితంగా తొలగించాలా?' అని అడిగింది యాప్. ఆ రోజు నా అభిప్రాయం అడిగింది అదొక్కటే. కిటికీలోంచి క్లాసు కనిపిస్తోంది. గంట కొట్టినా పిల్ల ఇంకా పోలేదు. పటంలో కృష్ణకు నీలం రంగు వేస్తోంది, ఉపనదులకు సన్నగా, అసలు నదికి లావుగా. ఇప్పుడు పేరు తీసేస్తే రేపు ఈ వేళకు ఆ చేతిలో వడిసెల ఉంటుంది. నెల తిరిగితే మిరపకాయల బుట్ట ఉంటుంది. వద్దు అని నొక్కాను. హెడ్మాస్టరు గారికి మాత్రం, సిగ్నల్ లేదని చెప్పాను.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? చిలకలు నా నదుల పాఠానికి కూడా అలవాటు పడితే ఎలా అని, ఇంకో రికార్డింగు చేశాను. అందులో నదులూ లేవు, పర్వతాలూ లేవు. మొదటి నుంచి చివరిదాకా తిట్లే. నా సర్వీసులో తిట్టలేక మింగేసినవన్నీ, పై అధికారుల కోసం దాచుకున్నవాటితో సహా, ఆ ఒక్క సాయంత్రం కక్కేశాను.

మా ఆవిడ ఫోను దించింది. "ఇంతకీ ఎవర్నండీ తిడుతున్నారు?"

"చిలకల్ని."

"మరి నన్ను చూస్తా తిడతారేంది?"

పరీక్షలైనాయి. ఫలితాలొచ్చాయి. పిల్ల అన్నీ పాసైంది, సోషల్లో తనకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు. నేను మిఠాయి పొట్లం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మిఠాయి వంక మాత్రమే, వెళ్ళింది దండం పెట్టించుకోవడానికి. వాళ్ళ నాన్న నిజంగానే పెట్టాడు, మంచం కూడా వాల్చాడు. వాళ్ళ అమ్మ వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. ఇరుగుపొరుగు నలుగురూ చేరేసరికి నా కథకు రెక్కలొచ్చాయి. చిలకల సంగతి నాకు ముందే తెలుసన్నాను. అందుకనే కావాలని అలా అరిచి రికార్డు చేశానన్నాను. నా గొంతే లేకపోతే ఈ పిల్ల చదువు ఆగిపోయేదని, ఆ తిట్ల రికార్డింగు తర్వాత కొండవాలున చిలకన్నది వాలలేదని చెప్పి, మంచినీళ్ళు తాగడానికి ఆగాను.

చేట చప్పుడు ఆగింది.

"ఏంది సారూ మీరు చెప్పేది? మీ అరుపులకు చిలకలు మూణ్ణాలుగు రోజులే బెదిరినయ్. ఆ తర్వాత ఆ డబ్బా మీదే కూచుని కంకులు ఒలుచుకు తిన్నయ్."

"ఊరుకోవే, సారు ముందర ఏంది?" అన్నాడు వాళ్ళ నాన్న.

"ఎందుకు ఊరుకోవాలంట? సారు పాపం మురిసిపోతన్నాడు, చెప్పొద్దన్నావు, ఇన్నాళ్ళూ చెప్పలా. ఇప్పుడు నలుగురి ముందర ఇట్టా అంటంటే ఎట్టా ఊరుకునేది? ఈయనేమో అరుపులు పని చెయ్యట్లేదు, పిల్లని మళ్ళీ మంచె ఎక్కిద్దామన్నాడు సారూ. నేను ఒప్పుకోలా. కోతలు మానుకుని, పంట ఇంటికొచ్చేదాకా ఆ మంచె ఎక్కి వడిసెల తిప్పింది నేను. ఇయ్యాళ్టికీ ఈ రెక్క పైకి లేవదు."

నేను నీళ్ళు మింగి, "మరి యాప్‌లో రోజూ నా పాఠం మోగుతున్నట్టే చూపించిందిగా అమ్మా?" అన్నాను.

"మోగింది. పొద్దుపోక నేనే పెట్టుకున్నా. నదులది బాగానే ఉంది. ఆ తిట్లది మాత్రం ఎందుకు పంపారో నాకు తెలవలా. చిలక ఒక్కటి లేస్తే ఒట్టు. పక్క చేలో కూలోళ్ళు మాత్రం నన్నెవరో తిడతన్నారని కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు." చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "మీ ఫోనూ గాదు, మీ గొంతూ గాదు సారూ. అది బళ్ళో కూచుంది. నేను చేలో నిలబడ్డా. మీరు ఇంట్లో కూచుని అరిచారు. జరిగింది అదీ."