స్క్రోలింగులో అమ్మ పేరు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న రామాంజనేయులు, చుట్టుపక్కల ఊళ్లకు వచ్చే కేబుల్ ఛానెల్లో ఇరవై ఏళ్లు స్క్రోలింగు టైపు చేసిన మనిషి. పత్తి ధర, కరెంటు కోత, చావు కబురు, ఏదైనా ఆయన టైపు చేస్తేనే టీవీ తెర అడుగున కదిలేదట. మా గోదావరి వైపు చావు కబురు ఇంటికొచ్చి చెబుతారు. టీవీలో వేస్తారా అని ఆశ్చర్యపోయాను.

"మా యమ్మది గూడా నేనే ఏసినానప్పా" అన్నాడు. "పల్లెల్లో సుట్టాలకు తెలియాలని. మా తమ్మునికి సెవులు ఇనపడవు. ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. వానికి నేనే పోయి సెప్పాలని ఎంటనే బస్సెక్కినా. నేను పోయేసరికి టీకొట్టుకాడ టీవీ ముందర నిలబడి ఏడుస్తాండాడు."

గాల్లో వేళ్లు ఆడించి చూపిస్తూ చెప్పాడు.

"నన్ను జూసి, టీవీ దిక్కు సూపించి, టైపు కొట్టినట్టు ఏళ్లు ఆడించినాడు. నువ్వేనా అని. ఔనని తలూపినా."

ఆ ఛానెల్ ఈమధ్యే మూతపడిందట. ఇప్పుడు తమ్ముడికి ఫోనులో మెసేజీలు పెడతారా అని అడిగాను.

"పెడతా. సదువుతాడు గానీ జవాబు రాయడు" అన్నాడు. "అందుకే వారానికోసారి పోయి వాని మొగం సూసి వస్తాండాను."