సేట్ గారి తిరగేసిన భుజం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన నా ఫిజియోథెరపీ క్లినిక్ అగ్గిపెట్టెకు చెల్లెలంత ఉండేది. కార్వాన్‌లో బట్టల దుకాణం నడిపే రామకిషన్ సేట్ లోపలికి వస్తే, సగం మనిషి బయటే మిగిలిపోయేవాడు. డెబ్బై ఏళ్ల వయసు. కుడి భుజం లోపలి కండరాలు చీకిపోయిన దారాల్లా తెగిపోయి, పై అరలో చీర అందుకోలేకపోయేవాడు. సర్జన్ ఆపరేషన్ చేసి ‘రివర్స్ షోల్డర్’ అనే కృత్రిమ కీలు వేశారు.

మామూలు భుజంలో బంతి చేతి ఎముకకు, గిన్నె రెక్క ఎముకకు ఉంటాయి. ఇందులో తారుమారు. తెగిన కండరాలతో పనిలేకుండా, పైనుండే డెల్టాయిడ్ కండరమే చేతిని లేపుతుంది.

ఎక్స్‌రే చూసి సేట్ అదిరిపడ్డాడు. “ఏంది సాబ్, ఉల్టా పెట్టిండ్రు?”

“గిట్లనే పెడతరు సేట్‌జీ. చెయ్యి పైకి మస్తు లేస్తది. ఎనకకు పెట్టి జోర్ ఇయ్యొద్దు. కుర్చీలకెల్లి లేసేటప్పుడు ఆ చెయ్యి ఆనియ్యొద్దు.”

“ఫికర్ చెయ్యకుండ్రి. కుర్చీ జోలికే పోను.”

ఇంత బుద్ధిమంతుడు భూమండలంలో లేడని పొంగిపోయాను.

మూడు నెలలకు చెయ్యి సీలింగ్ ఫ్యాన్‌ను పలకరించేంత లేచింది. ఆ ఘనకార్యం కళ్లారా చూద్దామని దుకాణానికి వెళ్లాను. సేట్ నేలమీద, తెల్లదుప్పటి పరిచిన పరుపుపై కొలువుదీరి ఉన్నాడు. “రండ్రి సాబ్” అంటూ కుడి అరచేతిని వీపు వెనక పరుపుకు ఆనించి, తన క్వింటాలు బరువంతా దానిమీద మోపి లేవబోయాడు.

టక్‌మంది. ఫలక్‌నుమాలో ఆగిన రైలుక్కూడా వినబడి ఉంటుంది.

భుజం ఊడింది. చేతిని వెనక్కి పెట్టి బరువు మోపితే, గిన్నె బంతి మీంచి జారిపోతుంది. సేట్ కళ్లలో నీళ్లతో నన్నే చూశాడు.

“మీరు చెప్పినట్టే ఇన్న గద సాబ్. కుర్చీల కూసోనేలేదు.”

సర్జన్ మత్తిచ్చి మళ్లీ కూర్చారు. ఇంకోసారి ఊడితే లోతైన గిన్నె వెయ్యాలన్నారు. పట్టు పెరుగుతుంది, కదలిక తగ్గుతుంది.

“పై అర అందదా మరి?” అన్నాడు సేట్. “దుకాణంల బొమ్మ లెక్క కూసోవాల్నా?”

మరో రెండు నెలలు ఆ పరుపు మీద నేనే పొర్లి చూపించాను: ఎడమకు తిరగాలి, మోకాళ్ల మీదికి రావాలి, ఎడమచేత్తో లేవాలి. గిరాకీలు చీరలు మానేసి నన్ను చూశారు. భుజం మళ్లీ ఊడలేదు.

ఇంప్లాంటు పురాణమంతా చెప్పిన నేను, ఆయన ఎక్కడ కూర్చుంటాడో మాత్రం అడగలేదు. ఇప్పుడు ఈ ఆపరేషన్‌కు పోయేవాళ్లందరినీ ముందే నేలమీద కూర్చోబెట్టి, లేచి చూపించమంటున్నాను. దాదాపు ప్రతి చెయ్యీ వీపు వెనక్కే పోతుంది. ప్రతిసారీ నా పైప్రాణాలు పైనే పోతాయి.