దేవుళ్ల గూట్లో ఇంగ్లండు నాట్యకత్తె

మా వైపు చిన్నతనంలో పోయిన పిల్లలను దేవుళ్ల గూట్లో నిలుపుకుంటారు. వెండి రేకు మీద చిన్న ఆకారం కొట్టించి, పండుగ పూట బొట్టు పెట్టి, పరమాన్నం చూపిస్తారు. దేవరకొండలో మా అవ్వ గూట్లో మాత్రం వెండి రేకు లేదు, పింగాణి బొమ్మ ఉండేది. గులాబీ బుగ్గల తెల్ల పిల్ల, ఒక కాలు ఎత్తి, రెండు చేతులా గౌను అంచులు పట్టుకొని నిలబడి ఉంటుంది. అవ్వ పసుపు పూసీ పూసీ గౌను మడతలన్నీ పచ్చబడిపోయాయి. ఇంట్లో పిల్లలమందరం ఆ బొమ్మను అత్తమ్మ అనేవాళ్లం.

అసలు అత్తమ్మ, అంటే మా బాపు వాళ్ల అక్క, నందికొండలో డ్యాం కడుతున్నప్పుడు జ్వరం వచ్చి పోయింది. అవ్వ అక్కడ పగలు రాళ్లు మోసేది, సాయంత్రం ఇంజనీరు బంగళాలో అంట్లు తోమేది. తల్లి పని ముగించేదాకా ఆ పిల్ల అద్దాల బీరువాలోని ఈ బొమ్మను చూస్తూ కూర్చునేదట. పిల్ల పోయాక ఇంజనీరు భార్య బొమ్మను తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టింది. ఆ పిల్లకు ఫోటో అంటూ ఒక్కటీ లేదు.

నేను కల్వకుర్తిలో బడిపంతులమ్మను. తప్పు కనిపిస్తే దిద్దకుండా చేయి ఊరుకోదు, నోరు అసలే ఊరుకోదు. తెలంగాణ వచ్చిన కొత్తలో నా చేతికి మంచి ఫోన్ వచ్చింది. ఓ దసరా సెలవుల్లో దేవరకొండ వెళ్లి, బొమ్మను ఫోటో తీసి వెతికితే అచ్చం అలాంటివే బయటపడ్డాయి. పాతకాలపు ఇంగ్లండు సరుకు, నాటకశాలలో ఆడే నాట్యకత్తె! నా సంబరం చెప్పనలవి కాదు. తిన్నగా వంటింట్లోకి వెళ్లాను. అవ్వ పరమాన్నం కలుపుతోంది.

"అవ్వా, జర ఇటు సూడు. గీమె దేవత గాదు, అత్తమ్మ గాదు. ఇంగ్లండుల నాటకాలల్ల ఎగిరేటామె. గిన్నేండ్లు నువ్వు ఆటకత్తెకు నైవేద్యం పెట్టినవు!" అని పకపకా నవ్వాను.

"నిజమేనా బిడ్డా?"

"నిజమే. గిదుగో, ఫోన్ల సూడు."

అవ్వ చాలాసేపు చూసింది. "గామెకు గూడ తల్లి ఉంటది గద," అని గరిటె తిప్పింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఆ పూట గూటి ముందు పరమాన్నం పెట్టలేదు. తర్వాతి పండుగకూ పెట్టలేదు. బొమ్మను కడిగి, తుడిచి, టీవీ పక్కన పెట్టింది. వచ్చినవాళ్లు అడిగితే "ఇంగ్లండామె, మా మనవరాలు కనిపెట్టింది" అని చెప్పేది, గొప్పగానే. ఛీ, ఆ మాట వింటే నాకు భూమి చీలితే దూరిపోదామనిపించేది. బాపు మాత్రం ఒక్కటే మాట అన్నాడు. "నీకు సదువు చెప్పిచ్చింది గిందుకేనా?"

చివరికి కంసాలి దగ్గరికి వెళ్లి వెండి రేకు మీద పిల్ల ఆకారం కొట్టించాను. రెండు జడలు, లంగా, గాజులు. పద్ధతి ప్రకారం ఉండాల్సింది ఇదే కదా, అవ్వ మళ్లీ కొలుచుకుంటుంది, నా తప్పు మాఫీ అయిపోతుందని ఆశ. పోయినవాళ్లను తలుచుకునే పెత్తరమాస నాడు తీసుకెళ్లి అవ్వ చేతిలో పెట్టాను.

వేళ్లతో తడిమింది. "మంచిగున్నది బిడ్డా. శాన తక్లీఫ్ తీసుకున్నవు." గూట్లో పెట్టింది కూడా. బొట్టు పెట్టబోయి చేయి ఆపింది.

"ఏమైందవ్వా?"

"గీ పిల్ల ఎవలో నాకు తెల్వదు."

"పోనీ, పాతామెనే మళ్ల గూట్ల పెడ్దాం. నేనన్నది మర్శిపో అవ్వా, నీ కాళ్లు మొక్కుత."

"పెట్టి సూసిన బిడ్డా, నువ్వు లేనప్పుడు. నా బిడ్డ ముఖం మర్శిపోయి శాన ఏండ్లాయె. గామె ముఖంలనే సూసుకుంటుంటి. ఇప్పుడు సూస్తె ఇంగ్లండామెనే కనవడ్తాంది."