వక్కాకు నమిలేంత సేపు

అది 2022వ సంవత్సరం. అనంతపురం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, వ్యసన విముక్తి కేంద్రానికి నేను హెడ్ నర్సుగా ఉండేదాన్ని. కేంద్రం ఉదయం ఎనిమిది గంటలకు తెరుచుకొనేది. అప్పటికే వచ్చినవారు వరండాలో వరుసగా నిలబడాలి. ఆలస్యంగా వచ్చినవారు కారణం చెప్పాలి. ఆ క్రమం నేను పెట్టినది. సడలించమని అడిగినవారు చాలామంది. సడలించలేదు.

మా వద్ద జరిగే చికిత్సను ఓఎస్‌టీ అంటారు. నల్లమందు జాతికి చెందిన నొప్పి మాత్రలకు బానిసైన శరీరానికి, వాటికి బదులుగా బుప్రెనార్ఫిన్ అనే మందును వైద్యుడు నిర్ణయించిన మోతాదులో ఇస్తాము. ఆ మాత్రను నాలుక కింద పెట్టుకోవాలి. పూర్తిగా కరిగే వరకు మింగరాదు, మాట్లాడరాదు, నీళ్లు తాగరాదు. మింగితే మందు సరిగా పనిచేయదు. కరిగిన తరువాత నాలుక ఎత్తి చూపాలి. ఈ ఆఖరి అంశంలో నేను ఎవరినీ నమ్మను. మాత్రను చెంపన దాచి బయట అమ్ముకొనేవారు ఉంటారు. అందుకే ప్రతి దినమూ రావాలి, మా కళ్లెదుటే వేసుకోవాలి అన్నది కేంద్రం నిబంధన.

గుమ్మఘట్ట వైపు నుంచి వచ్చే మస్తాన్ పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. (పేర్లు మార్చాను.) బైకు మీద నుంచి పడి నడుము దెబ్బతిన్నప్పుడు మొదలుపెట్టిన మాత్రలను, నడుము బాగైన తరువాత కూడా అతడు ఆపలేకపోయాడు. ఆ మధ్య మందుల దుకాణాలపై తనిఖీలు పెరిగి, చీటీ లేనిదే ఆ మాత్రలు ఇవ్వడం మానేశారు. అది మంచి పనే. కొత్తవారు ఆ దారిన పడకుండా ఆపింది. అయితే అప్పటికే అలవాటుపడినవారు దుకాణం మూసినంత సులువుగా మానలేరు. వారిలో కొందరు మా వరండాలోకి వచ్చారు. కొందరు ఎక్కడెక్కడి నుంచో పేరూ మోతాదూ తెలియని మాత్రలు తెప్పించుకొన్నారు. మస్తాన్ మా వద్దకే వచ్చాడు, శ్రద్ధగా వచ్చాడు. పెళ్లిళ్ల కాలం రాగానే మాయమయ్యాడు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం అతణ్ణి ఆటోలో తెచ్చారు. పెదవులు నీలంగా ఉన్నాయి, కంటిపాపలు సూదిమొనలంత అయ్యాయి, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఓవర్‌డోస్. చికిత్స తప్పి, బయట దొరికిన మాత్రలను పాత అలవాటు లెక్కన మింగాడు. కొన్నాళ్ల విరామం తరువాత శరీరం పాత మోతాదును తట్టుకోలేదు; ప్రాణాపాయం అక్కడే. విరుగుడైన నాలోక్సోన్ ఇంజక్షన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టాము. కాసేపటికి కళ్లు తెరిచి, “మెరవణి ఎల్లిపోయినాదా?” అన్నాడు. అతడు అడిగింది తాను వాయించవలసిన పెళ్లి ఊరేగింపు గురించి.

ఆటోలో వెంట వచ్చిన అత్తగారు హుసేనమ్మ ఒక్క ఉదుటున లేచింది. “ఇంకాసేపుంటే నీదే ఎల్లిపోతాండె, గోరీల కాడికి!”

మరునాడు నేను అతణ్ణి నిలదీశాను.

“ఎందుకు రావడం మానేశావు?”

“ఎట్ల వచ్చేది మేడమ్? పొద్దున ఒకూర్లో పెండ్లి, రాత్రికి గుంతకల్లులో మెరవణి. ఈడికొచ్చి నాలిక సూపిస్తా ఉంటే ఆడ నా జాగాలో ఇంకొకన్ని నిలబెడ్తారు. మాత్రకొస్తే పని పోతాది, పనికి పోతే మాత్ర పోతాది. మీరే చెప్పండి.”

అతడి మాటను డాక్టరుగారికి చేర్చాను. తేల్చడం నా పరిధి కాదు. డాక్టరుగారి పరిధి.

స్థిరపడిన రోగికి, ఇంట్లో బాధ్యత వహించే మనిషి ఉంటే, కొన్ని రోజుల మందు ఇచ్చి పంపే పద్ధతి ఉంది. దాన్ని టేక్-హోమ్ డోస్ అంటారు. మా కేంద్రంలో అప్పటికి ఎవరికీ ఇవ్వలేదు. మస్తాన్ జ్యేష్ఠంలో బ్యాండుకు పోలేదు. ఆషాఢంలో పెళ్లిళ్లే లేవు. ఆ రెండు మాసాలూ ఒక్క ఉదయమూ తప్పకుండా వచ్చాడు. శ్రావణం దగ్గర పడుతుండగా డాక్టరుగారు నన్ను పిలిచి, “ఇతనితో మొదలుపెడదాం సిస్టర్. ఇది చెడితే మాత్రం ఇక ఎవరికీ ఇవ్వలేము” అన్నారు.

బాధ్యత వహించే మనిషి ఎవరన్నది ప్రశ్న. భార్య పచ్చి బాలింత. హుసేనమ్మ ముందుకు వచ్చింది.

“నేను పోతా వీని యెంబడి.”

“బ్యాండు యెంబడి ఆడోళ్లు యాడన్నా వస్తారా అత్తా? నవ్వుతారు.”

“నవ్వనీ. నువ్వు సచ్చి నా బిడ్డ ఏడ్సేదానికన్నా ఊరు నవ్వేదే మేలు.”

మందులను తాళం పెట్టెలో పెట్టి, తాళంచెవిని ఆమె చేతికి ఇచ్చాము. ఎలా వేయించాలో నేర్పే పని నాది. గడియారం చూడటం వచ్చునా అని అడిగాను.

“గడియారమెందుకమ్మా? నేనొక వక్కాకు దౌడన పెట్టుకుంటా. అది నమిలి ఉమ్మేసేదాంకా వీడు నోరు తెరిసేది లేదు.”

అది ఆసుపత్రి కొలత కాదు. కాని పరీక్షించకుండా తోసిపుచ్చడం కూడా క్రమం కాదు. వరుసగా కొన్ని ఉదయాలు అల్లుణ్ణీ అత్తనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, నేను గోడ గడియారం చూశాను. ప్రతిసారీ వక్కాకు కన్నా మాత్రే ముందు కరిగింది. ఆవరణలో ఉమ్మరాదన్న బోర్డు కిందనే ఈ పరీక్ష జరిగింది కనుక, ఆమె చేతికి డ్రెస్సింగ్ గదిలోని పాత స్టీలు ట్రే ఒకటి ఇచ్చాను. ఆమె కొలతకు అనుమతి లభించింది.

శ్రావణంలో శింగనమల దగ్గర మా తమ్ముడి కూతురి పెళ్లి. ఉదయపు ముహూర్తం. మగపెళ్లివారి విడిది నుంచి మండపానికి పెళ్లికొడుకును బ్యాండుతో తీసుకురావాలి. బయలుదేరవలసిన సమయానికి నేను గడియారం చూసుకొంటూ విడిది ముందు నిలబడ్డాను. పెళ్లికొడుకు జీపు ఎక్కాడు. బ్యాండు మాత్రం మోగలేదు.

ముందు వరుసలో ట్రంపెట్ పట్టుకొని, పెదవులు బిగించుకొని మస్తాన్ నిలబడి ఉన్నాడు. అతడికి ఎదురుగా చేయి అడ్డం పెట్టి హుసేనమ్మ. బస్సు ఆలస్యమై, మాత్ర అప్పుడే వేయించింది. ఆమె దవడ నింపాదిగా ఆడుతోంది.

“ఏమప్పా, ఊదరాదా? ముహూర్తం దాటిపోతాండాది!” అని మా తమ్ముడు అరిచాడు.

“ట్రంపెట్టు లేకుండా ఏం ఊదేది సార్? ఆ యమ్మ ఇడిసిపెట్టల్ల కదా” అన్నాడు బ్యాండు మేస్త్రి.

“ఆ యమ్మ వక్కాకు నమిలేదానికి నా బిడ్డ పెండ్లి ఆగల్లనా?”

నవ్వులు మొదలయ్యాయి. మస్తాన్ ముఖం ఎర్రబడింది. అతడి గొంతు కదలబోవడం నేను చూశాను. గుటుక్కున మింగేస్తే అవమానం తప్పుతుంది. సాయంత్రానికి శరీరం పాత మాత్రలను అడుగుతుంది. రోగి విషయం నలుగురిలో చెప్పరాదు. చెప్పకుండా ఆపాలి. నేను వెళ్లి హుసేనమ్మ పక్కన నిలబడ్డాను.

“ఇతను మాత్ర వేసుకొన్నాడు. కరిగే వరకు వాయించడు. నర్సుగా చెబుతున్నాను, ఎవరూ తొందరపెట్టవద్దు.”

మా తమ్ముడు నోరు వెళ్లబెట్టాడు. “అక్కా, అన్నం వడ్డించేది ఒక్క నిమిషం ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసేదానివి. నువ్వేనా? ఏం మాత్ర అది?”

“అతనిది” అన్నాను.

ఇక అందరి చూపులూ హుసేనమ్మ దవడ మీదనే. జీపు మీది నుంచి పెళ్లికొడుకు, “ఇంకెంతసేపు అవ్వా?” అని వినయంగా అడిగాడు. ఆమె వేలు పైకెత్తి ఆగమంది. డ్రమ్ము వాయించేవాడు ఉండబట్టలేక ఆమె దవడ కదలికకు తాళం వేయసాగాడు. ఆమె ఆపితే ఆపాడు, నమిలితే కొట్టాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొన్నారు. మా తమ్ముడికి కూడా నవ్వు ఆగలేదు. చివరకు ఆమె సంచిలోంచి నేనిచ్చిన ట్రే తీసి, అందులోనే ఉమ్మింది.

“నాలిక ఎత్తు!”

ఊరంతా చూస్తుండగా మస్తాన్ నోరు తెరిచాడు. ఆమె తొంగిచూసి నావైపు తిరిగింది. “మీరూ సూడండి మేడమ్.”

అలవాటు చొప్పున నేనూ వంగి చూశాను. శుభ్రంగా ఉంది. తల ఊపాను. ఈలలు మోగాయి. ఆ ఈలలను మించి ట్రంపెట్ లేచింది. మండపం దాకా ఒక్క చోట కూడా అది తగ్గలేదు. ముహూర్తం అందింది.

ఆ ఏడు పెళ్లిళ్ల కాలం ముగిసేసరికి మస్తాన్ ఒక్క మాత్రా తప్పలేదు. తరువాత ఒక లారీ డ్రైవరుకు, ఒక గొర్రెల కాపరికి కూడా డాక్టరుగారు తాళం పెట్టెలు రాశారు. నిబంధనకు కాళ్లు ఉండవని, మనిషే దాని వద్దకు రావాలని నా ఉద్యోగమంతా నమ్మినదాన్ని. బ్యాండుతో సమానంగా నడిచిన నిబంధనను ఆ ఉదయం చూశాను. కరిగే వరకు ఆగడంలో, నాలుక ఎత్తి చూపడంలో ఒక్క అక్షరమూ సడలలేదు.

పెళ్లి వీడియోలో ఒక చోట జీపు కదలదు, బ్యాండు మోగదు, ఒక ముసలామె వక్కాకు నములుతూ ఉంటుంది. ఆ భాగం అనవసరమని, తీసేస్తానని వీడియోగ్రాఫరు అన్నాడు. కత్తిరించడానికి వీల్లేదని చెప్పాను.